ఇవాళ ద్రవం

మే 4

ఒరేయ్ పంతులూ,

బాగున్నావా అని అడగను. కొండమీద ఊళ్ళో కిటికీలు బిగించుకుని, స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నవాడికి బాగుండక ఏం రోగం? ఇక్కడ మా సైన్సు ల్యాబు రేకులు పొద్దున్నే కాలడం మొదలుపెడతాయి. బెంచీ మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. ఫ్యాను తిరుగుతుంది గానీ ఉన్న వేడిగాలినే తిప్పి తిప్పి మా మొహాన కొడుతుంది. మీ బావ మాత్రం ఈల వేసుకుంటూ పనికి పోతాడు. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు కదా! మే నెలలో మఫ్లరు చుట్టుకునే మగాడు ఈ ఊరు మొత్తానికి ఆయనొక్కడే.

అసలు సంగతికి వస్తాను. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎండకి కాదు.

నా పదో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఒక్కచోట నిలవదని అందరం బొంగరం అంటాం. పరీక్షలో పాఠ్యపుస్తకంలోంచి ఒక ప్రశ్న వచ్చింది. "సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఈ మూలకాల స్థితిని రాయండి: ఆక్సిజన్, ఇనుము, పాదరసం, గాలియం." ఆక్సిజన్ వాయువు, ఇనుము ఘనం, పాదరసం ద్రవం అని చక్కగా రాసింది. గాలియం దగ్గర ఏం రాసిందో తెలుసా? "ద్రవం, ఇవాళ."

ఆ "ఇవాళ" చూసి పేపరు దిద్దుతున్నదాన్ని పకపకా నవ్వాను. పిల్ల కల గని రాయలేదురా. నువ్వు ఎప్పుడో నాకిచ్చిన గాలియం సీసా మా ల్యాబు కిటికీలోనే ఉంటుంది. పరీక్ష ఆ ల్యాబులోనే పెట్టారు. తల ఎత్తితే సీసాలో అది తళతళలాడుతూ కదులుతోంది, పక్కనే థర్మామీటరు ముప్పై ఎనిమిది చూపిస్తోంది. ముప్పై డిగ్రీలు కూడా రాకముందే గాలియం కరుగుతుందని పాఠం చెప్పింది నేనే. పిల్ల కళ్ళెదుట ఉన్నది రాసింది. నేను మార్కు వేశాను.

పేపర్లు రెండోసారి చూసే ఆఫీసువాళ్ళు ఆ మార్కు కొట్టేశారు. జవాబుల కాగితంలో "ఘనం" అని ఉందట. ఆ ఒక్క మార్కు పోతే పిల్లకి పై తరగతిలో సైన్సు గ్రూపు రాదు. మా ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "పొరపాటున మార్కు వేశానని ఒక సంతకం పడెయ్యండి మేడమ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. పెట్టనన్నాను. "పెట్టకపోతే వచ్చే ఏడాది ల్యాబు మీ చేతిలో ఉండదు మరి" అన్నాడు. అయినా పెట్టనన్నాను. చూసింది రాసినందుకు పిల్లని శిక్షిస్తే, రేపు నేను ఏ మొహం పెట్టుకుని "బాగా చూసి రాయండి" అని చెప్పను?

నువ్వు ఆ పాఠ్యపుస్తకాల కమిటీలో ఉన్నావు కదా. ఆ ప్రశ్న ఏ మహానుభావుడు రాశాడో కనుక్కో. ఆయన గదిలో ఎంత హాయిగా ఉందో నాకు తెలియాలి.

మరదలికీ పిల్లలకీ ముద్దులు. నీకేమీ లేదు, ముందు చెప్పిన పని చెయ్యి.

చెమటలు కక్కుతూ,
అక్క


మే 11

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం నీ మరదలు కూడా చదివింది. "వదినగారితో పెట్టుకున్నాడా? అయిపోయాడు పాపం ఆ ప్రిన్సిపాలు" అని ఒకటే నవ్వు. పిల్లలిద్దరికీ జలుబు. ఇక్కడ వాన పట్టుకుని వదలడం లేదు. ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా తాళ్ళు కట్టి వేలాడదీశాం, తల వంచకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోలేను.

నువ్వు కోప్పడ్డా సరే, ఒక మాట చెప్పాలి. సాధారణ ఉష్ణోగ్రత అంటే నీ ల్యాబూ కాదు, నా గదీ కాదు. ఇరవై అయిదు డిగ్రీలని అందరూ ఒప్పుకుని పెట్టుకున్న లెక్క. అలా ఒప్పుకోకపోతే ఒక ఊళ్ళో రాసిన పుస్తకం ఇంకో ఊళ్ళో పనికిరాదు. ఆ లెక్కన మూలకాలన్నిటిలో ద్రవాలు రెండే, పాదరసం, బ్రోమిన్. గాలియం ఘనం. పిల్ల తెలివైనదే, కాదనను. కానీ "ఇవాళ" అన్నది సైన్సులో జవాబు కాదక్కా.

నా మాట విని సంతకం పెట్టెయ్యి. పిల్ల కావాలంటే మళ్ళీ రాసుకుంటుంది. నీ ల్యాబు పోతే మళ్ళీ రాదు. విరిగిన స్టూళ్ళకి కాళ్ళు కొట్టించి, పాత బీకర్లు అడుక్కొచ్చి, ఆ గదిని నువ్వు ఎలా నిలబెట్టావో నేను చూశాను.

ప్రశ్న ఎవరు రాశారన్నది ఇప్పుడు దేనికి? కమిటీ అన్నాక పదిమంది చెయ్యి పడుతుంది.

నా బల్లమీద ఒక గాలియం ముక్క ఉంది. కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకుంటాను. గులకరాయిలా ఉంటుంది. అందులో సగం నీకు పంపుతున్నాను. ఇంట్లో పాత లేపనం డబ్బా ఒకటి, మూత తిప్పే అల్యూమినియం డబ్బా, ఖాళీగా కనిపిస్తే లోపలంతా చాకుతో గీకి శుభ్రం చేసి అందులో పెట్టాను. పైన "గాలియం, ఘనం" అని చీటీ అంటించాను. నీ బొంగరానికి చూపించు, ఘనం అంటే ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూస్తుంది. పార్సిలు కమిటీ ఆఫీసు నుంచే వెళ్తుంది, ఉత్తరం కన్నా ఆలస్యంగా రావచ్చు.

బావగారిని అడిగానని చెప్పు. కోపం తగ్గాకే జవాబు రాయి.

నీ మేలు కోరే,
తమ్ముడు


మే 20

గౌరవనీయులైన కమిటీ సభ్యులు గారికి,

మీ సలహా అందింది. కోపం తగ్గాక రాయమన్నారు. తగ్గలేదు, రాస్తున్నాను.

ప్రిన్సిపాలు నిన్న పాఠ్యపుస్తకం చివరి పేజీ తీసి నా ముందు పెట్టాడు. "ప్రశ్నలు కూర్చినవారు" అని, కింద తమరి పేరు. "మీ సొంత తమ్ముడే కదా మేడమ్, ఆయనకి తెలియనిది మీకు తెలుసా?" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. సొరుగులోంచి మీరు ఆయనకి రాసిన జాబు కూడా తీశాడు. "గాలియం: ఘనం" అని, కింద మీ సంతకం. నాకు సంతకం పెట్టమని నచ్చజెప్పింది తమ్ముడనుకున్నాను. తన ప్రశ్న కాపాడుకోవడానికి కమిటీ సభ్యుడు చెబుతున్నాడని నాకేం తెలుసు! పదిమంది చెయ్యి అట. చెవిలో పువ్వులు పెట్టడానికి మీకు నా చెవులే దొరికాయా?

జూన్ రెండున ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. ఆ రోజు వరకు నాకు గడువు. అంతవరకూ ఎందుకు, ఇప్పుడే చెప్పేశాను పెట్టనని. స్టాఫు రూములో అందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు ఒక్కడే కుర్చీ నా వైపు జరిపి కూర్చున్నాడు. ఆయనకి గాలియం అంటే ఏమిటో తెలియదు, అయినా జరిపాడు.

మీరిచ్చిన సీసా పగిలిపోయింది. ఇక మా ల్యాబులో మీ గుర్తంటూ ఏదీ లేదు. మీ పార్సిలు రాలేదు. రాకపోయినా నష్టం లేదు.

ఇట్లు,
జవాబుల కాగితం చదవడం చేతకాని
ఒక సైన్సు టీచరు


మే 27

అక్కా,

"మీరు" అన్నావు. చిన్నప్పుడు నీ పలక నేను విరగ్గొట్టిన రోజున కూడా వీధి చివరిదాకా తరుముకుంటూ "ఒరేయ్" అనే అన్నావు. ఈ ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను.

అవును, ప్రశ్న రాసింది నేనే. దాచలేదు. అచ్చులో ఉంది. నువ్వు రోజూ చెప్పేది ఆ పుస్తకమే కాబట్టి చూసే ఉంటావనుకున్నాను. చూసి, నన్ను ఏడిపించడానికే "ఏ మహానుభావుడు" అని రాశావనుకున్నాను. నేనూ అలాగే పదిమంది మీదకి తోసి తప్పించుకున్నాను. మీ ప్రిన్సిపాలు నన్ను అడిగింది ఒక్కటే, పుస్తకం ప్రకారం జవాబేమిటని. ఉన్నది రాశాను. నీ గురించి ఒక్క అక్షరం రాయలేదు. నిన్ను ఆయన ఇలా పట్టుకుంటాడని నాకు తెలియదు.

అసలు గాలియాన్ని ఆ ప్రశ్నలో ఎందుకు పెట్టానో తెలుసా? ఎంతసేపూ ఇనుము, బంగారం, పాదరసమేనా? అరచేతిలో పెట్టుకుంటే కరిగే లోహం ఒకటుందని పిల్లలకి తెలియాలని పట్టుబట్టి పెట్టాను. నీకు సీసా ఇచ్చిందీ అందుకే. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు నీకోసం తెచ్చాను. దాన్ని పగలగొట్టావు. కోపం నా మీద ఉంటే నన్ను నాలుగు తిట్టు, పడతాను. దాన్ని పగలగొట్టడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఇంకొక్క మాట. జవాబు నేను మార్చను. లెక్క అంటే లెక్కే. నువ్వు మొండిదానివైతే నేనూ నీ తమ్ముణ్ణే.

పార్సిలు వస్తే విప్పి చూడు. అదే నా తరఫున మాట్లాడుతుంది.

తమ్ముడు


జూన్ 3

ఒరేయ్ పంతులూ,

మాట్లాడిందిరా, నీ పార్సిలు బ్రహ్మాండంగా మాట్లాడింది! అంతా చెబుతాను, ముందు సీసా సంగతి.

సీసా నేను పగలగొట్టలేదు. నీ మీద కోపం వస్తే నీ నెత్తిన మొట్టికాయ వేస్తాను గానీ, సీసా ఏం చేసింది నన్ను? అది మీ బావ నిర్వాకం. "మా కోల్డ్ స్టోరేజీలో పెడితే మీ తమ్ముడిదే రైటవుతుంది కదా, చూద్దాం" అని, బడికి వచ్చిన రోజున ల్యాబు కిటికీలోంచి తీసి సరదాకి జేబులో వేసుకుపోయాడు. బస్తాల మధ్య పెట్టాడు. గాలియం గడ్డకట్టేటప్పుడు ఐసులాగే ఉబ్బుతుందని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకేం తెలుసు? ఇంచుమించు మూతదాకా నిండిన సీసా టప్పున పగిలింది. ముక్క కాస్తా నేల కడిగే నీళ్ళతో కాలవలోకి పోయింది. ఎలా పగిలిందని అడిగితే ఇన్నాళ్ళూ నీళ్ళు నమిలాడు. నీ ఉత్తరం చదివి వినిపించాక, "మీ తమ్ముడు నిన్ను తిడుతున్నాడు కాబట్టి ఇక చెప్పక తప్పదు" అని బయటపెట్టాడు. ఆయన మఫ్లరు దాచేశాను, అదే శిక్ష.

ఇక నిన్నటి సంగతి. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పెద్దావిడ, కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతూ ఉంటుంది. "పిల్ల దేన్ని చూసి అలా రాసింది? చూపించండి" అన్నారు. కిటికీ చూపించి, సీసా పగిలిపోయిందని చెప్పాల్సి వచ్చింది. నా మొహాన నెత్తురు చుక్క లేదు. ప్రిన్సిపాలు మొహం మాత్రం వెలిగిపోయింది.

నీ పార్సిలు ముందురోజే వచ్చిందట. కమిటీ ముద్ర చూసి, అది తన పక్షాన వచ్చిన సాక్ష్యం అనుకుని, అందరి ముందూ విప్పుదామని ఆయన దాచుకున్నాడు. "పుస్తకం రాసినాయనే నమూనా పంపించారు మేడమ్. చూడండి, చీటీ మీద ఘనం అని రాసి ఉంది" అంటూ తానే విప్పాడు. లోపలి కాగితమంతా బూడిదరంగు మరకలు. ఆయన గమనించలేదు. డబ్బా మూత పట్టుకుని తిప్పాడు. మూత రాలేదురా, డబ్బాయే వచ్చేసింది! వేళ్ళ మధ్యనే నానిన బిస్కెట్టులా విరిగి ముక్కలుముక్కలైంది. మిగిలిన గాలియం ఆయన తెల్ల చొక్కా మీద, బల్లమీద, నా సంతకం కోసం పెట్టిన కాగితం మీద పులుముకుంది.

బొంగరాన్ని నేనే పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టాను. అది ఆగలేక, "అయ్యో మేడమ్, డబ్బానే తినేసింది!" అని అరిచింది. ఇన్‌స్పెక్టరు గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎందుకు తినేసింది పాపా?"

"కరిగింది కాబట్టండీ. గట్టిగా ఉంటే బుద్ధిగా ఓ మూల కూర్చునేది."

ఇప్పుడు చెప్పు. కరిగిన గాలియం అల్యూమినియంలోకి ఇంకి దాన్ని పిండి చేస్తుందని నీకు తెలియదా? నాకు చెప్పిందే నువ్వు. మళ్ళీ ఆ డబ్బాని లోపలంతా గీకి మరీ ఇచ్చావు, అది ఇంకడానికి దారి సుళువు చేసి. తెలిసి తెలిసి ఎందుకు పెట్టావు? నీ బల్లమీద అది రాయి కాబట్టి. దారిలో ఊళ్ళుంటాయని, ఆ ఊళ్ళకి ఎండ తగులుతుందని, చివర్లో రేకుల కింద మేమున్నామని నీకు తట్టలేదు. ప్రశ్న రాసేటప్పుడూ తట్టలేదు. నీకు చదువు తక్కువై కాదురా. నీకు మేం గుర్తు రాలేదు. నాకు కడుపు మండింది అందుకే.

ఇన్‌స్పెక్టరు గారు మంచి మనిషే గానీ ఆవిడ చేతులు కట్టేసి ఉన్నాయి. "మార్కు వెయ్యాలన్నా తియ్యాలన్నా జవాబు రాసిన కమిటీయే మార్చాలి" అన్నారు. ప్రిన్సిపాలు ఆ మరకల కాగితాన్నే మళ్ళీ నా ముందుకి తోశాడు, "ఆఖరిసారి అడుగుతున్నా" అంటూ. దాని మీద గాలియం పడింది చాలు, నా సంతకం పడదన్నాను. ల్యాబు తాళాలు బల్లమీద పెట్టి బయటికి వచ్చేశాను. వచ్చాక మెట్లమీద కూర్చుని ఏడ్చాను. అదీ చెబుతున్నాను, నాకేం సిగ్గు లేదు.

ఆ మార్కు ఇప్పుడు నీ చేతిలో ఉంది. అక్కనని చెయ్యొద్దు. నేను బతిమాలడం లేదు. నీ డబ్బా పొడి దీంతోపాటే పంపుతున్నాను. గాజు సీసాలో, పైన ఖాళీ వదిలి పెట్టాను. మేమైతే అలా పెడతాం.

అక్క


జూన్ 25

అక్కా,

సీసాలోది ఒక కాగితం మీద పోసి చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. నీ మరదలు వచ్చి "ఏమిటండీ ఈ బూడిద?" అంది. "నా తెలివి" అన్నాను.

నువ్వు రాసింది నిజమే. ఒప్పుకున్న లెక్క ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ ఆ లెక్క ప్రశ్నలో నేను రాయలేదు. "సాధారణ" అని రాసి ఊరుకున్నాను, నాకు సాధారణమైనదే అందరికీ సాధారణం అన్నట్టు. నేను సిగ్గుపడితే నీకు చిన్నప్పటి నుంచీ సరదా కాబట్టి రాస్తున్నాను, సిగ్గుపడ్డాను.

పొడి పట్టుకెళ్ళి కమిటీ అధ్యక్షుడి బల్లమీద పెట్టాను. "ఒక్క పిల్ల కోసం జవాబు మారుస్తామా? రేపు ప్రతివాడూ మా ఇంట్లో ఇలా ఉంది, మా పెరట్లో అలా ఉంది అంటాడు" అన్నాడాయన. "అననివ్వండి. థర్మామీటరు చూసి అన్నవాళ్ళందరికీ మార్కు వేద్దాం" అన్నాను. "ప్రశ్న రాసింది మీరే కదా?" అన్నాడు. "రాసిన నేనే తప్పంటుంటే ఇంకెవరి సాక్ష్యం కావాలి మీకు?" అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది, అది నీ గొంతులా వినిపించింది.

కొత్త ముద్రణకి నా సంతకం కావాలి. మార్చకపోతే పెట్టనన్నాను. పెట్టకపోతే కమిటీలో మీకు చోటుండదన్నారు. సంతకం పెట్టకపోవడం మా ఇంటి అలవాటని చెప్పాను. సమావేశం మీద సమావేశం పెట్టారు. పక్కన కూర్చునేవాళ్ళు కుర్చీలు దూరం జరుపుకున్నారు. ఇక్కడ డ్రిల్లు మాస్టారు లేడక్కా. చివరికి వాళ్ళకే విసుగొచ్చింది.

గాలియానికి ఈ ఏడు రెండు జవాబులూ సరైనవే. ఉత్తర్వు మీ బడికి విడిగా వస్తుంది. వచ్చే పుస్తకంలో ప్రశ్న ఇలా ఉంటుంది: "మీ గదిలో ఇవాళ ఎన్ని డిగ్రీలో చూసి రాయండి. ఆ వేడికి ఈ మూలకాలు ఏ స్థితిలో ఉంటాయి?" ఆ "ఇవాళ" తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. అచ్చు ప్రూఫులో అది కళ్ళారా చూసుకున్నాకే సంతకం పెట్టాను. ఆ మర్నాడు నన్ను కమిటీ నుంచి తీసేశారు.

నీ తాళాలు పోయింది నావల్లే. వాటిని నేను తిరిగి ఇప్పించలేకపోయాను. బావగారినీ తీసుకుని కొన్నాళ్ళు ఇక్కడికి రా. చల్లగా ఉంటుంది, విశ్రాంతి తీసుకుందువు గాని. బావగారికి మఫ్లరు ఇచ్చెయ్యి, ఇక్కడ అవసరం.

మళ్ళీ "ఒరేయ్" అన్నందుకు పొంగిపోయిన,
తమ్ముడు


జూలై 4

ఒరేయ్ పంతులూ,

మార్కు వచ్చింది. బొంగరం సైన్సు గ్రూపులో చేరింది. ఆ సంగతి చెప్పడానికి పరుగెత్తుకొచ్చి గడపకి తట్టుకుని పడి, పడిన చోటినుంచే చెప్పింది.

ల్యాబు మాత్రం నాకు ఇవ్వలేదు. మెట్లకింద సామాన్ల గదిలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఆ గదికీ ఒక కిటికీ ఉంది, దానికి థర్మామీటరు తగిలించాను. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు ఒక్కొక్కరే మెట్లకింద చేరుతున్నారు. చీపుళ్ళు, సుద్దముక్కల పెట్టెలు జరిపి చోటు చేశాను. డ్రిల్లు మాస్టారు రెండు బెంచీలు మోసుకొచ్చి పడేశాడు. ప్రిన్సిపాలు తొంగి చూసి "ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నాడు. "పాఠం" అన్నాను. తల వెనక్కి లాక్కుని వెళ్ళిపోయాడు. చొక్కా మీద మరక ఇంకా వదల్లేదు.

కమిటీ పోయినందుకు బాధపడకు. నీ కుర్చీ పోయిందని విని మీ బావ, "అయితే ఇప్పుడు మీ ఇంట్లో మొండివాళ్ళు ఇద్దరన్నమాట, నా గతేం కాను" అని తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఉత్తరం చదివాక కళ్ళు చెమ్మగిల్లాయి. నా తమ్ముడు నాకు దొరికాడు.

చల్లగా ఉంటుంది రమ్మన్నావు. నేను రాను. చల్లబడి నేనేం చెయ్యను? నువ్వే రా. ఇప్పుడు కాదు, వచ్చే మే నెలలో రా. నీ బల్లమీద మిగిలిన సగం ముక్క చొక్కా జేబులో వేసుకుని రా. స్టేషన్లో దిగి బడిదాకా నడువు, బండి ఎక్కావో ఊరుకోను. మెట్లకింద గదిలో బొంగరం నీకోసం ఎదురు చూస్తూ ఉంటుంది. అది నిన్ను ఒక్కటే ప్రశ్న అడుగుతుంది, "మాస్టారూ, మీ జేబులో ఉన్నది ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?" అని. పుస్తకం చూడకుండా చెప్పాలి.

నీ
అక్క

తా.క. తెల్ల చొక్కా వేసుకుని రా.